ఎనిమిది పాతరల లెక్క

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే చెప్పండి. సగం విన్నాక నవ్వితే మాత్రం ఊరుకునేది లేదు.

మాచయ్య పంతులు గుమ్మడికాయను ఒక్కసారి తడిమి లోపల గింజలెన్నో చెప్పేవాడు. కోసి చూస్తే ఒక్కటీ తేడా వచ్చేది కాదు. ఊరి వెనక నల్లగుట్టను ఎగాదిగా చూసి, ఇది తొంభైవేల మూడు బండ్ల మట్టి అన్నాడు. ఆ మూడు బండ్ల దగ్గర కూడా ఎవడూ నోరెత్తలేదు. అంతటివాడి దగ్గర పన్నెండేళ్ళు లెక్కలు నేర్చిన సుంకన్న ఒకనాడు విసుగ్గా అడిగాడు.

"అయ్యా, దేనిలో ఎంత పడుతుందో తెలిస్తే చాలదా? దాని గోడల వైశాల్యం మనకెందుకు? అది సున్నం కొట్టేవాడి లెక్క కదా."

పంతులు లేచాడు. కండువా భుజాన వేసుకుని, రేగడిపల్లెలో పాతర తెరుస్తున్నారు, పోదాం రమ్మన్నాడు. సుంకన్న హుషారుగా బయలుదేరాడు. అక్కడి పాతరల లెక్క కట్టింది తనే.

ఆ ఊళ్ళో ఎనిమిది ఇళ్ళవాళ్ళు నేలలో తవ్విన ఒకే పాతర గుంతలో జొన్నలు పోసి, పైన రాయి మూసి, కరువుకు దాచుకునేవాళ్ళు. ఆరు మూరల పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు. రెండేళ్ళ కిందట ఒకరిమీద ఒకరికి అనుమానాలు పుట్టి, ఎవరి పాతర వాళ్ళకు కావాలన్నారు. పంతులు ఊళ్ళో లేడని సుంకన్నను పిలిచారు. అతడు మూడేసి మూరల పాతరలు ఎనిమిది గీసిచ్చాడు. పెద్దదానిలో రెండువందల పదహారు ఘనమూరలు, ఈ ఎనిమిదీ కలిపినా అంతే, గింజ కూడా తగ్గదని రొమ్ము విరుచుకుని చెప్పాడు.

నిరుడు అదను తప్పిన వాన పంటను ముంచింది. ఈ ఏడు చుక్క లేదు. ఆరుగురు తినాల్సిన ఇల్లు తిమ్మక్కది. ఆ పూట తెరిచింది ఆమె పాతరనే. లోపలి చెడుగాలి పోయేదాకా అందరూ దూరంగా కూర్చున్నారు. ఆ తరవాత పంతులు సుంకన్ననే దిగమన్నాడు.

గోడ వెంబడి జొన్నలు నల్లగా గడ్డకట్టి ఉన్నాయి. అతడు చేత్తో తవ్వాడు. జాన మందాన, అంటే అర మూర, కుళ్ళు. నాలుగు పక్కలా అంతే, అడుగునా పైనా అంతే. నడుమ మాత్రం రెండు మూరల మేర మంచి గింజ మిగిలింది.

తిమ్మక్క తొంగిచూసి, "నీ లెక్క తప్పలేదులే నాయనా. గుంత నిండుగానే ఉంది. తినడానికే లేదు," అంది.

పెద్ద పాతరలో నిరుటిలాంటి తడి ఏడు ఎంత పోయేదని పంతులు ఆమెను అడిగాడు. తన అత్త కాపురానికొచ్చిన నాటి నుంచీ జానే పోయేదని, గోడ తన వాటా తను తినక మానదని ఆమె చెప్పింది. లెక్క చూడమన్నట్టు పంతులు సుంకన్న వైపు తిరిగాడు.

సుంకన్న పైకి వచ్చి మట్టిలో వేలితో రాశాడు. పెద్దది ఉండి ఉంటే అన్నివైపులా అయిదేసి మూరల మంచి గింజ మిగిలేది, నూట ఇరవై అయిదు ఘనమూరలు. ఎనిమిది చిన్నవాటిలో మిగిలేది ఒక్కోదానికి ఎనిమిది, అంతా కలిపి అరవై నాలుగు. గింజలు అవే, గోడలు రెండింతలయ్యాయి. వేలు అక్కడే ఆగిపోయింది. ఎదురుగా తిమ్మక్క అత్త చాట ముందేసుకుని, నల్లగింజల్లోంచి తెల్లగింజలు ఒక్కొక్కటే ఏరుతోంది.

సుంకన్న రాసినదాన్ని అరచేత్తో చెరిపేశాడు. వచ్చే ఏటికి మళ్ళీ ఆ పెద్ద పాతరే తవ్వుదామన్నాడు. మట్టి తనే మోస్తానన్నాడు.

పంతులు వీధి వైపు చూశాడు. కిందటి వారమే పాతరలు తెరుచుకున్న అయిదిళ్ళవాళ్ళు తలుపులకు తాళాలేసి వలస పోయారు. ఎటు పోయారో ఎవరికీ తెలియదు.

"తవ్వుదువుగాని," అన్నాడాయన. "ముందు ఆ ఎనిమిదిళ్ళవాళ్ళనూ పిలుచుకురా."

ఇదంతా కట్టుకథ అనేవాళ్ళు, ఆ పూట మూతరాయి ఒంటిచేత్తో ఎత్తిన దస్తగిరిని అడగండి.