వెలగని దీపం, తిరిగే మీటరు

ఆ రాజ్యం పేరు మరిచిపోయాను గానీ, రాజుగారి మీసాలు మాత్రం చాలా బాగుండేవట. అంత పాతకాలంలోనే అక్కడ ఇంటింటికీ కరెంటు ఉండేది. మీటర్లు బిగించడానికి వర్తకులు పోటీలు పడేవారు. నేతపని చేసుకునే పేరిందేవి ఇంట్లో కొత్త మీటరు, దీపం ఆర్పినా తిరుగుతూనే ఉండేది. బిల్లు కట్టలేదని ఆమె మగ్గం పట్టుకుపోవడానికి అధికారి వచ్చాడు.

“దీపం ఆర్పే ఉంది బాబూ, చూడండి.”

“మీటరు తిరుగుతోందంటే దీపం వెలుగుతున్నట్టే. చట్టం అలా చెబుతోంది.”

“సరే, మగ్గం లోపలుంది. తీసుకోండి.”

కిటికీలు లేని గదిలో అధికారి నూలు పోగుల్లో చిక్కుకుపోయాడు. “ముందు దీపం వెయ్యి” అన్నాడు.

“వెలుగుతోందిగా బాబూ.”

“ఎక్కడ? నా చెయ్యే నాకు కనబడ్డం లేదు.”

“ఆ మాట వీధిలోకి వినబడేలా చెప్పండి, వేస్తాను.”

అధికారి గట్టిగానే చెప్పాడు. పేరిందేవి దీపం వేసింది. ఆయన మగ్గాన్ని వదిలేసి, తప్పుడు సాక్ష్యం చెప్పిందని మీటరుకు సంకెళ్ళు వేసి తీసుకుపోయాడు.