పులి పన్నుకు మందు

రాజుగారి పులికి పన్నునొప్పి పట్టుకుంది. దాని నోట్లో చెయ్యి పెట్టి మందు రాయాలి. రాసేదెవరు? కోటలో పనిచేసే పదిమందిని నిలబెట్టి, కుండలో తొమ్మిది తెల్ల గింజలు, ఒక నల్ల గింజ వేయమన్నాడు రాజు. నల్లది ఎవరికొస్తే వాళ్ళదే పని.

గింజలు వేసింది ఆ పదిమందిలో ఒకడైన గణితపండితుడు మార్తాండశర్మ. నిండుసభలో తన లెక్క తప్పని చూపించిన కుమ్మరి నూకాలమ్మ మీద ఆయనకు కడుపుమంట. అందుకే ఎవరూ చూడకుండా పదీ నల్లవే వేశాడు.

"నూకాలూ, ముందు నువ్వు తియ్యి."

ఆ తొందర చూసి ఆమెకు అనుమానం వచ్చింది. "నేనే ఎందుకు పంతులుగారూ?"

"ముందు తీసినా, చివర తీసినా గండం అందరికీ సమానమే. ఇది శాస్త్రం!"

"సమానమే అయితే, పెద్దవారు, తమరే కానివ్వండి."

రాజు సరేనన్నాడు. శర్మ కుండలో చెయ్యి పెట్టి తీశాడు. నల్లదే!

నూకాలమ్మ చేతులు జోడించింది. "పాపం ప్రభూ, పంతులుగారిని ఇంకోసారి తీయనివ్వండి. ఉన్న ఒక్క నల్లదీ బయటికొచ్చేసింది, ఇక కుండలో అన్నీ తెల్లవే కదా!"

శర్మ కుండను గట్టిగా కావలించుకున్నాడు.

"వద్దు ప్రభూ, వద్దు! ఆ పులి ఎక్కడుందో చూపించండి!"