టోకు గడ్డం

జమీందార్ల రోజుల మాట ఇది. టోకు మండీలో సగానికి సగం చవకని జగ్గరాజుగారు బండెడు మామిడిపండ్లు తోలించుకొచ్చారు. అన్నీ ఒక్కసారే ముగ్గి, సగం కుళ్ళిపోయాయి. భార్య గొణిగితే, "టోకు సరుకన్నాక తరుగు మామూలే!" అని కసిరారు. ఆ ఊపులోనే గడ్డం గీసే సింగన్న మీద పడ్డారు.

"గడ్డానికింతని చిల్లరగా ఇవ్వనురా. ఏడాది గడ్డాలన్నీ టోకున కొంటాను. సగం కూలికే గియ్యాలి."

"మామిడిపండ్ల పద్ధతేనా దొరా?"

"అచ్చంగా అదే!"

మర్నాడు సింగన్న గడ్డం గీశాడు. దొర లేవబోతే కూర్చోమని, నున్నటి చెంపకే మళ్ళీ నీళ్ళు రాశాడు.

"ఇదేమిట్రా?"

"రేపటి గడ్డం దొరా. తర్వాత ఎల్లుండిది. పొద్దుగూకేలోగా ఏడాది సరుకూ దించేసి పోతాను."

జగ్గరాజుగారు అయోమయంగా చెంప తడుముకున్నారు. బేరం తను చెప్పినట్టే నడుస్తోంది. ఎక్కడ తప్పిందో మాత్రం అంతుబట్టలేదు.

"మరి రేపు మళ్ళీ మొలిస్తే?"

సింగన్న కత్తి నూరుకుంటూ అన్నాడు. "అది తరుగు కింద పోతుంది దొరా. టోకు సరుకన్నాక మామూలే!"