చింతచెట్టు ఎటు పడుతుంది?

దగ్గరికి జరిగి కూర్చోండర్రా, వెనకాల వాళ్ళకీ వినపడాలి.

ఒక ఊళ్ళో గవరమ్మ అనే ముసలమ్మ ఉండేది. ఇంటిముందు చింతచెట్టే ఆమెకి కూడు పెట్టేది. దాని కొమ్మలు తీగల్ని తాకుతున్నాయని కరెంటాఫీసు అధికారి పరాంకుశం మనుషుల్ని వెంటేసుకొచ్చాడు. ఆయన కన్ను మాత్రం దూలానికి పనికొచ్చే మొద్దు మీద ఉంది.

"మొదలంటా నరికేయండి!" అన్నాడు.

"నరకండి బాబూ. కానీ చెట్టు తీగలవైపే ఒరిగుంది. పడితే తీగలు తెగి ఊరంతా చీకటైపోదా?" అంది గవరమ్మ.

ఆయన తలెత్తి చూసి గతుక్కుమన్నాడు. "అయితే ముందు ఆ వైపు కొమ్మలన్నీ కొట్టండి."

కొమ్మలన్నీ నేలకూలాయి. ఇక మొదలు మీద గొడ్డలి వేయబోతుంటే గవరమ్మ అడ్డం వెళ్ళింది.

"తీగకి తగులుతోందనేగా నరకమన్నారు? ఇప్పుడేం తగులుతోంది బాబూ?"

ఏమీ తగలడం లేదు. చేరిన జనం గొల్లున నవ్వారు. పరాంకుశం జీపెక్కి వెళ్ళిపోయాడు.

"నువ్వే గెలిచావత్తా!" అంది పొరుగింటి నూకాలు.

గవరమ్మ నవ్వలేదు. పూతమీదున్న కొమ్మని ఒళ్ళో పెట్టుకుని కూలబడింది.

"ఏం గెలుపే? తీగ దగ్గర రెమ్మలు రెండు కొట్టనీయమ్మా అని లైనుమన్ ఏటా వచ్చి బతిమాలేవాడు. చీపురు తిరగేసి తరిమాను. అప్పుడే కొట్టనిస్తే ఇవాళ సగం చెట్టు పోయేదా?"

సరే, లేవండర్రా. ఇళ్ళకెళ్ళి వేడి చల్లారకముందే అన్నాలు తినండి.