ఉయ్యాల నాడు పలకని పేర్లు

అనగనగా ఒక ఊళ్లో కౌలు రైతు పెళ్లాం చెంచమ్మకు కొడుకు పుట్టాడు. పురిటి నొప్పులు తగ్గకముందే పేరు తగువు వచ్చిపడింది.

"దొరగారి పేరు పెట్టకపోతే పొలం వదులుకో" అంది దొరసాని.

"మీ మామ పేరు పెట్టకపోతే ఇల్లు వదులు" అంది అత్త.

విని విని విసిగిన చెంచమ్మ, ఉయ్యాల నాడు బిడ్డను వాళ్ల ముందుకు చాపింది. "పేరు కోరినవాళ్లే వీడి చెవిలో చెప్పాలి కదా. ఎవరు ముందు చెప్పినా సరే, అదే పెడతాను."

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఆ ఊరి ఆడవాళ్ల భయం. మొగుళ్లను తిట్టడానికి లేని అడ్డు పేరు పలకడానికొచ్చింది. ఇద్దరూ నోళ్లు తెరిచి మూశారు.

చెంచమ్మే వంగి, తనకు నచ్చిన పేరు "ఓబులేసు" అని బిడ్డ చెవిలో చెప్పింది.

"మిమ్మల్ని చెప్పొద్దన్నదెవరమ్మా? ఇక నన్ను కాస్త నడుం వాల్చనివ్వండి" అంది.