దొరవారి వంతు

ఏటి ఒడ్డున పచ్చికబీడులో ఆదివారం వచ్చిందంటే గుర్రాలకు పరుగుపందెం, మిగతా జంతువులకు పండగ. ఎర్రది గెలుస్తుందని ఒకరు, నల్లది గెలుస్తుందని ఇంకొకరు గుప్పెడు ఉలవలు ఒడ్డేవారు. ఓడినవాళ్ళు కాసేపు మూతి ముడుచుకుని, ఆనక గెలిచినవాళ్ళతో కలిసి ఆ ఉలవలే నమిలేవారు.

ఆ సరదా మీద సముద్రం అవతలున్న సింహం దొరగారి కన్ను పడింది. ఆయన చేసిన చట్టం పట్టుకుని నక్క అమీను దిగాడు.

"పందెం పాపం," అన్నాడు గొంతు సవరించుకుని. "అందుకే బీడు చుట్టూ కంచె వేయించాం. కంచె బయట పందెం కాస్తే నేరం. లోపల కాస్తే నేరం కాదు, కానీ ఒడ్డినదాంట్లో పదో వంతు దొరవారికి కట్టాలి. అదీ పరుగుకు ముందే!"

"కంచె లోపలికొస్తే పాపం పోతుందా, అమీనుగారూ?" అని అడిగాడు గాడిద వీరన్న.

"వంతు కడితే పోతుంది."

వీరన్నకు నవ్వాగలేదు. కానీ ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. జట్కాగుర్రం చుక్కమ్మ నిండుచూలాలు. ఈనాక తినడానికి ఉలవలు మూటకట్టి దాచుకుంది. ఓనాడు కంచె బయట నిలబడి, "ఎర్రదే గెలుస్తుంది, గుప్పెడు ఉలవలు పందెం!" అని నోరు జారింది. నక్క మూటకు మూటే జప్తు చేశాడు.

"పిల్లకు పాలెలా పడతాయి అన్నా?" అని చుక్కమ్మ వలవలా ఏడ్చింది. వీరన్నకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఆదివారం నక్క కంచె లోపల ఆ మూట మీదే దర్జాగా కూర్చున్నాడు. వీరన్న చుక్కమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు.

"మేమిద్దరం పందెం కాస్తున్నామండీ. కంచె లోపలే లెండి."

"వంతు ఇలా పడెయ్."

"ఏం ఒడ్డామో అడగరా?"

"ఏదైతే నాకేం? ఉలవలైనా ఊకైనా పదో వంతు దొరవారిదే. అందరూ వినండి, ఒడ్డింది ఏదైనా సరే, వంతు వదిలే ప్రసక్తే లేదు!"

"విన్నారుగా అందరూ?" అన్నాడు వీరన్న. "ఎర్రది గెలుస్తుందని చుక్కమ్మ, నల్లదని నేను. ఓడినవాళ్ళు పది తన్నులు తినాలి. అందులో దొరవారి వంతు ఒకటి. పరుగుకు ముందే కట్టమన్నారుగా!"

అంటూ వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

"ఆగాగు! తన్నులకు వంతు లేదు!"

"అయ్యో, దొరవారి సొమ్ము వదిలేస్తారా? ఆయనకు తెలిస్తే మీ ఉద్యోగం ఉంటుందా?"

నక్క పక్కకు జరిగేలోపే వంతు జమ అయిపోయింది. అమీనుగారు మూట మీంచి ఎగిరి గడ్డికుప్పలో పడ్డారు.

"రశీదు ఇవ్వరా?" అంది మేక.

నక్క తల బయటపెట్టి చూస్తే ఏముంది! వీరన్న వెనకాల గేదె, ఎద్దు, పొట్టేలు బారులు తీరి ఉన్నారు.

"మాదీ అదే పందెం!" అంది గేదె.

"నాది కుమ్ములాటండోయ్," అన్నాడు పొట్టేలు, కొమ్ములు సవరించుకుంటూ.

నక్క ఒక్క గెంతున కంచె దాటి, తోక ముడిచి ఏటి వైపు పరుగో పరుగు.

"అమీనుగారూ, కంచె బయట నేరమండీ!" అని బీడు బీడంతా అరిచింది.

ఆ రోజు ఎర్రది గెలిచిందో నల్లది గెలిచిందో చూసినవాళ్ళు లేరు. చుక్కమ్మ మూట విప్పి గుప్పెడు ఉలవలు వీరన్న ముందు పెట్టింది.

"ఇది నీ వంతు అన్నా."

"పుట్టబోయే నా మేనల్లుడికి పెట్టు," అన్నాడు వీరన్న. అంటూనే రెండు గింజలు నోట్లో వేసుకున్నాడు.

నీతి: ఇంకొకరి సరదాలో వాటా అడిగేవాడు, ఆ సరదా ఏమిటో ముందు కనుక్కోవాలి.