చివరి అయిదు అక్షరాలు

సముద్రం ఒడ్డున పూసలపేట అనే ఊళ్ళో, సగం విని తక్కిన సగం తన ఊహతో నింపుకునే అలవాటున్న జోగారావు అనే తంతి గుమాస్తా ఉండేవాడు.

ఆ రోజుల్లో ఆ ఊరికి టెలిగ్రాంలు ఇంగ్లీషులోనే వచ్చేవి. తీగమీద వచ్చే టకటక చప్పుడును ఒక్కొక్క అక్షరంగా విని కాగితం మీదికి ఎక్కించడం జోగారావు పని. అతనికి ఇంగ్లీషు మాటలంటే ప్రాణం. ఒకే అక్షరాల వరస ఉన్న మాటలంటే మరీను. లైట్, నైట్, రైట్, బ్రైట్... వీటిని అక్కచెల్లెళ్ళనేవాడు. కిటికీలోంచి ఉప్పుగాలి మొహానికి తగులుతుంటే, దూరంగా అలల మీద ఎండ జలతారులా కదులుతుంటే, ఆ అక్కచెల్లెళ్ళంతా చేతులు పట్టుకుని నీళ్ళమీద నడిచి వస్తున్నట్టు కనిపించేది అతనికి. చెయ్యి మాత్రం దాని పాటికది రాసుకుపోయేది.

ఒక బుధవారం మధ్యాహ్నం అలాగే కలల్లో తేలుతున్నాడు. ఉలిక్కిపడి చూసుకునేసరికి కాగితం మీద ఓ, టి, హెచ్, ఇ, ఆర్ అని అయిదక్షరాలే ఉన్నాయి. ముందు వచ్చినవి గాలికి పోయాయి. ఆ వెనక 'కమింగ్ ఫ్రైడే, బీ రెడీ' అని వచ్చింది. వార్త జాలరిపేట బంగారమ్మకు.

మదరా? బ్రదరా? రెండింటికీ తోక ఒక్కటే. 'మళ్ళీ చెప్పు' అని అవతలి ఆఫీసుకు ఒక్క మాట కొడితే తేలిపోయేది. కానీ నిద్రపోయావా అని అవతలివాడు నవ్వుతాడని జోగారావుకు బెట్టు. పైగా కిందటి వారమే బంగారమ్మ కిటికీ దగ్గర నిలబడి, "మా యమ్మ కాడనుంచి కబురేటైనా వచ్చిందా బాబూ? చూసి నాలుగేళ్ళయిపోనాది" అని కళ్ళొత్తుకుంది.

'ఇంకెవరు? తల్లే అయి ఉంటుంది' అనుకుని, ముందు ఎం అక్షరం చేర్చేశాడు జోగారావు.

మంచి వార్త తనే చెప్పాలని కాగితం పట్టుకుని స్వయంగా వెళ్ళాడు.

"బంగారమ్మా! శుక్రవారం మీ అమ్మ వస్తోంది. సిద్ధంగా ఉండమంది."

బంగారమ్మ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. ఆ రెండు రోజులూ ఆమె కాళ్ళు నేలకు ఆనలేదు. గోడలకు సున్నం వేసింది. పళ్ళు లేని తల్లికోసం మెత్తగా అరిసెలు వండింది. మూడేళ్ళ కూతురు నూకాలు పుట్టాక అమ్మమ్మను చూడనేలేదు. దాన్ని ఒళ్ళో వేసుకుని, "అమ్మమ్మ చేతులు ఎంత మెత్తగుంటాయనుకున్నావు? దూదే!" అని కథలా చెప్పేది. పిల్ల వింటూ వింటూ నవ్వు మొహంతోనే నిద్రపోయేది. మొగుడు ఎర్రయ్య, "అత్త వస్తాదంటే చిన్న చేపలేటి? ఆదివారానికల్లా పండుగప్ప తెస్తాను" అని పడవెక్కి, మూడు రోజులకు సరిపడా మంచినీళ్ళు వేసుకుని సముద్రం మీదికి వెళ్ళిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆ సంబరం కళ్ళారా చూద్దామని జోగారావు కూడా స్టేషనుకు వెళ్ళాడు. రైలు ఆగింది. దిగిన ప్రతి ముసలమ్మనూ చూసి, "ఈమేనా అమ్మమ్మ?" అని అడుగుతోంది నూకాలు. చివరికి బంగారమ్మ అన్న పైడయ్య ఒక్కడే దిగాడు.

"అన్నా! అమ్మేదీ?"

"అమ్మెలాగొస్తాదే? మంచం మీదనుంచి లేచి రెండు నెలలైంది. నిన్ను తీసుకురమ్మని ఒకటే కలవరిస్తోంది. గంటలో తిరుగు రైలుంది. సిద్ధంగా ఉండమని టెలిగ్రాం కొట్టించాను కదా!"

బంగారమ్మ అక్కడే కూలబడింది. ఇంట్లో ఎర్రయ్య తల్లి, చూపులేని అత్త ఉంది. ఎర్రయ్య నడిసముద్రంలో ఉన్నాడు. ఆ ముసలామెను ఒంటరిగా వదిలి ఎలా కదులుతుంది? తిరుగు రైలు ఆమె కళ్ళముందే వెళ్ళిపోయింది. జోగారావు గబగబా ఆఫీసుకు వచ్చి అవతలివాళ్ళను అడిగాడు. 'బ్రదర్' అని జవాబు వచ్చింది. అడగడానికీ, జవాబు రావడానికీ నిమిషం కూడా పట్టలేదు.

ఎర్రయ్య ఆదివారం ఉదయం వచ్చాడు. ఆ మధ్యాహ్నం రైలుకు బంగారమ్మ పిల్లనెత్తుకుని అన్నతో వెళ్ళింది.

పది రోజుల తరువాత ఆమె తిరిగివచ్చిందని తెలిసి జోగారావు వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదే బంగారమ్మా. నేను సరిగా వినలేదు. అడగాల్సింది, అడగలేదు. అమ్మ ఎలా ఉంది?"

బంగారమ్మ వల బాగుచేస్తోంది. తలెత్తకుండానే చెప్పింది. "ఉంది బాబూ. కానీ నన్ను ఆనవాలు పట్టలేదు. శనివారం పొద్దుటిదాకా నా పేరే పిలిచిందట. ఆ తరవాత మాట పడిపోయింది."

జోగారావు తల వంచుకున్నాడు.

"మా యమ్మ వస్తాదని రెండు రోజులు మబ్బుల్లో తిరిగాను. ఆ సంబరం మీరిచ్చిందే. మా యమ్మ నోట నా పేరు విననీకుండా చేసిందీ మీరే. మిమ్మల్ని ఎలా తలుచుకోమంటారు బాబూ?" అంది బంగారమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట జోగారావు గుండెలో ముల్లులా దిగింది.

ఆ తరువాత అతను టెలిగ్రాం తీసుకుంటూ ఏ ఒక్క అక్షరం అనుమానంగా వినిపించినా, 'మళ్ళీ చెప్పు' అని అడిగేవాడు. అవతలివాళ్ళు నవ్వేవారు. "నవ్వండి, కానీ చెప్పండి" అనేవాడు.

నీతి: సగం విన్న మాటను మన ఊహతో పూర్తి చేసుకోకూడదు, మళ్ళీ అడిగితే పోయేది కాస్త బెట్టే, అడగకపోతే పోయేది ఎదుటివారి బతుకులో తిరిగిరాని రోజు.